నిద్రలో పళ్ళు కొరకడం, నైట్ గార్డ్: మే నుంచి జనవరి దాకా నా అనుభవం

నొప్పి మొదలైంది చెవి దగ్గర. 2025 మే రెండో వారం. పొద్దున లేవగానే కుడి చెవి ముందు సలుపు, నోరు పూర్తిగా తెరుచుకోదు, ఆవులిస్తే టక్కుమని శబ్దం. బ్రష్ లోపలికి పెట్టాలన్నా దవడ పట్టేసినట్టుండేది. పది గంటలకల్లా అదే తగ్గిపోయేది. కూలర్ గాలి చెవిలోకి పోతోందనుకుని రాత్రిళ్ళు దూది పెట్టుకుని, తలకు స్కార్ఫ్ కట్టుకుని పడుకున్నాను. రెండు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన లైటు వేసి చూసి, "చెవి శుభ్రంగా ఉందమ్మా. ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించుకోండి" అన్నారు. ఫీజు 500. చెవి నొప్పికి పళ్ళ డాక్టరు ఎందుకు అనుకుని ఆ మాట అక్కడే వదిలేశాను. అప్పుడే వెళ్ళి ఉంటే ఈరోజు నా దవడ పన్నుకి క్యాప్ ఉండేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

జూన్ మొదటి వారంలో మా ఆయన ఫోన్ చేతికిచ్చి "ఇది విను" అన్నారు. రాత్రి 2:40కి రికార్డు చేశారట. ఇసుక మీద రాయి రుద్దినట్టు గరగరమని శబ్దం, కాసేపు ఆగడం, మళ్ళీ గరగర. ఫ్యాను చప్పుడు మీద కూడా స్పష్టంగా వినిపిస్తోంది. "ఇదేంటి?" అంటే "నువ్వే. పళ్ళు కొరుకుతున్నవ్. నెల రోజుల నుంచి చెప్తున్న, నువ్వు ఇంటలేవు" అన్నారు. నిజంగానే చెప్పారు, నేనే పట్టించుకోలేదు. ఆ శబ్దం నా నోట్లోంచి వచ్చిందంటే ఒళ్ళు జలదరించింది. మళ్ళీ వినలేక ఫోన్ పక్కన పెట్టేశాను.

అమ్మకు వినిపిస్తే "ఖాళీ ఇసుర్రాయి తిప్పినట్టున్నదేందే బిడ్డా" అంది. గింజలు లేకుండా తిరగలి తిప్పితే రాయికి రాయి అరుగుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళు కోప్పడేవాళ్ళని చెప్పింది. తర్వాత ఏ డాక్టరు చెప్పిన మాటకన్నా నాకు అదే బాగా గుర్తుండిపోయింది. అయితే దానితోపాటే "కడుపుల పురుగులున్నయి, గోలి ఏస్కో" అని కూడా అంది. మన ఇళ్ళల్లో అందరూ అనే మాటే. ఆల్బెండజోల్ వేసుకున్నాను. నొప్పి, శబ్దం, రెండూ అలాగే ఉన్నాయి. తర్వాత పళ్ళ డాక్టరును అడిగితే, నా కొరుకుడుకీ పురుగులకీ సంబంధం లేదని చెప్పారు.

జూన్ చివర్లో నేను చేసిన పొరపాటు చెప్తాను, చాలామంది ఇదే చేస్తారు కాబట్టి. రాత్రి పళ్ళ మీద పెట్టుకుని పడుకునే తొడుగు ఉంటుంది, నైట్ గార్డ్ అంటారు. ఆన్‌లైన్‌లో 699కి మెత్తటి గార్డ్ తెప్పించాను. వేడి నీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక కొరికి, మన పళ్ళ ఆకారం వచ్చేలా చేసుకోవాలి. లావుగా ఉండేది, పెదాలు కలిసేవి కావు, వెనక అంచు అంగిలికి తగిలి వాంతొచ్చేది. అయినా పట్టుదలగా పెట్టుకున్నాను. మూడో వారానికి కుడి దవడ దగ్గర దానికి చిల్లు పడింది. అంతకన్నా బాధ ఏంటంటే, పొద్దున దవడ నొప్పి ఇంకా పెరిగింది. మెత్తటిది నోట్లో ఉంటే కొంతమంది దాన్ని నములుతూనే ఉంటారట, కండరాలకు విశ్రాంతి బదులు రాత్రంతా పని దొరుకుతుందట. నా విషయంలో అదే జరిగింది. ఆగస్టులో పారేశాను.

ఇక్కడ నా పని గురించి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. హైదరాబాద్ చైతన్యపురిలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో 14 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ప్రతి నెలా రెండు జీఎస్టీ రిటర్నుల గడువులు: 11న జీఎస్టీఆర్ వన్, 20న త్రీబీ. ఇన్‌కంట్యాక్స్ రిటర్నుల గడువు ఆ ఏడాది జులై 31 నుంచి సెప్టెంబర్ 15కి పొడిగించారు. పొడిగింపు వస్తే క్లయింట్లకు ఊపిరి, మాకు మాత్రం రెండు పనులూ ఒకే నెలలో మీద పడతాయి. దానికి తోడు సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ కొత్త రేట్లు. పాత స్టాకు మీద ఎంత వేయాలి, బిల్లు ఎలా కొట్టాలి అని షాపులవాళ్ళ ఫోన్లు ఒకదాని మీద ఒకటి.

సెప్టెంబర్ 12, శుక్రవారం. సిస్టం ముందే డబ్బా తెరిచి పెరుగన్నం తింటున్నాను. కసుక్కుమంది. బియ్యంలో రాయి అనుకుని వేలితో తీసి చూస్తే తెల్లగా, ఒకవైపు నునుపుగా, ఒకవైపు పదునుగా ఉన్న ముక్క. నాలుకతో తడిమితే కుడి కింది దవడ పన్ను ఒక మూల లేదు. పెరుగన్నానికి పన్ను విరగడం ఏమిటి! ఏడుపొచ్చింది. నొప్పి పెద్దగా లేదు, చల్లటి నీళ్ళు తగిలితే మాత్రం జివ్వుమనేది. ఆ ముక్కను టిష్యూలో చుట్టి పర్సులో పెట్టుకున్నాను. ఎందుకు దాచుకున్నానో నాకే తెలియదు.

మరుసటి రోజు సాయంత్రం ఇంటి దగ్గరున్న ఒక క్లినిక్‌కి వెళ్ళాను. చూడడానికి 400. ఐదు నిమిషాలు చూసి, పళ్ళన్నీ అరిగిపోయాయి, దవడ పళ్ళన్నిటికీ క్యాప్‌లు వేయాలి, లక్షా ఎనభై వేలు అవుతుంది, ఈఎంఐ ఉంది అన్నారు. కొరుకుడు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. పాప స్కూలు ఫీజు కట్టాల్సిన నెల అది. మా ఆయన "తొందరపడకు, ఇంకో దగ్గర చూపిద్దాం" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను.

రిటర్నుల గడువును ఇంకొక్క రోజు, 16 దాకా పెంచారు. అది ముగిశాక 17న మా ఆఫీసు అక్క చెప్పిన డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈ మేడమ్ పళ్ళు చూడకముందే చెవుల ముందు రెండు వేళ్ళు పెట్టి నోరు తెరిచి మూయమన్నారు. దవడ కండరం నొక్కారు, కణతలు నొక్కారు. కుడివైపు నొక్కగానే "అబ్బా" అన్నాను. ఇన్నాళ్ళూ చెవి నొప్పి అనుకున్నది అదే. తర్వాత అద్దం ఇచ్చి చూపించారు: నాలుక అంచుల నిండా పళ్ళ అచ్చులు, బుగ్గ లోపల పళ్ళు కలిసేచోట తెల్లటి గీత. రోజూ అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకుంటాను, ఇవి ఎన్నడూ చూసుకోలేదు.

తర్వాత ప్రశ్నలు. టీ ఎన్నిసార్లు? ఏవైనా మందులు వాడుతున్నారా? డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులతో కూడా కొరుకుడు రావచ్చట, అందుకే అడిగారు. గురక ఉందా? నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతుందా? ఇది మా ఆయన్ను అడిగారు. అలా ఉంటే ముందు నిద్ర పరీక్ష చేయించాలి, గార్డ్ ఒక్కటే పెట్టి ఊరుకోకూడదని చెప్పారు. నాకు గురక లేదు. టీ మాత్రం రోజుకు ఆరుసార్లు, చివరిది రాత్రి ఎనిమిదింటికి. ఎక్స్‌రే తీశారు. ఫీజు 300, ఎక్స్‌రే 450. వేరు దాకా పగులు వెళ్ళలేదు, రూట్ కెనాల్ అక్కర్లేదు, ఆ ఒక్క పన్నుకి క్యాప్ చాలన్నారు. మిగతా పళ్ళు అరిగాయి నిజమే, కానీ ఇంకా అరగకుండా కాపాడుకోవడమే ఇప్పుడు పని అన్నారు. ఆ మాట విన్నాక, నాలుగు రోజుల్లో మొదటిసారి ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టింది.

నాకు తెలియని విషయం ఇంకోటి: క్యాప్ ముందు, గార్డ్ తర్వాత. గార్డ్ చేయించుకున్నాక పన్ను ఆకారం మారితే అది పట్టదు. పుచ్చులు, ఫిల్లింగులు ఏమైనా ఉంటే ముందే చేయించుకోవాలి. 19న తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి పన్ను అరగదీసి తాత్కాలిక క్యాప్ పెట్టారు, 25న అసలుది. జిర్కోనియా, 9,000. అప్పటికి బతుకమ్మ మొదలైంది. సద్దుల బతుకమ్మ 30న, దసరా అక్టోబర్ 2న. ల్యాబ్‌వాళ్ళు పండక్కి ఊళ్ళకు వెళ్తారు, తర్వాతే కొలతలు తీద్దామన్నారు. ఆ పది రోజులూ రాత్రి పడుకోవాలంటే భయం. కొత్త క్యాప్ కూడా విరగ్గొట్టుకుంటానేమోనని మధ్యలో లేచి నాలుకతో తడుముకునేదాన్ని.

అక్టోబర్ 6న కొలతలు. ఇప్పుడు కొన్నిచోట్ల కెమెరాతో స్కాన్ చేస్తారు, ఇక్కడ ఇంకా పాత పద్ధతే. గులాబీ రంగు పొడిని రబ్బరు గిన్నెలో నీళ్ళతో గబగబా కలిపి, దోసెల పిండిలా అయ్యాక ఇనప ట్రేలో వేసి పైపళ్ళకు అదిమారు. పుదీనా వాసన. అది గట్టిపడేదాకా రెండు మూడు నిమిషాలే, కానీ గొంతులోకి జారుతున్నట్టు అనిపించి వాంతి తోసుకొచ్చింది. అసిస్టెంట్ అమ్మాయి నా వీపు మీద చెయ్యేసి "అక్కా, ముందుకు వంగండి, ముక్కుతో గాలి పీల్చండి, కుడికాలు పైకెత్తి అట్లే పట్టుకోండి" అంది. కాలు ఎత్తి పట్టుకోవడం మీద ధ్యాస పోయేసరికి వాంతి ఆగింది. మీకు కొలతలంటే భయమైతే ఇది చేయండి, కడుపు ఖాళీగా వెళ్ళండి. తర్వాత కింది పళ్ళకూ అలాగే చేశారు, చివర్న కొరికే తీరు తెలియడానికి మైనం ముక్క కొరికించారు. మొత్తం ఇరవై నిమిషాలు. గట్టి అక్రిలిక్ గార్డ్, పైపళ్ళకు, 7,500. సగం అడ్వాన్సు.

పది రోజులన్నారు, సరిగ్గా 16న ఫోన్ చేశారు. వెళ్ళగానే డాక్టరు ముందు నా పళ్ళ ప్లాస్టర్ అచ్చులు రెండూ చేతిలో పెట్టారు. మామూలుగా కోరపన్నుకి మొన ఉంటుంది కదా, నావి ఉలితో చెక్కినట్టు అడ్డంగా నునుపుగా ఉన్నాయి. పై అచ్చు మీద కింది అచ్చు పెట్టి మెల్లగా కుడివైపు జరిపారు. ఒకచోట రెండు అరుగుదలలూ ఒకదాని మీద ఒకటి చటుక్కున అతుక్కున్నాయి. సందు లేదు. "రాత్రిళ్ళు మీ దవడ ఇక్కడికి వెళ్తోంది" అన్నారు. మెలకువలో నా దవడను అంత పక్కకు తోసి చూశాను, ఐదు సెకన్లు కూడా ఉంచలేకపోయాను. మేల్కొని ఉంటే నొప్పి మనల్ని ఆపుతుందట, నిద్రలో ఆ అదుపు ఉండదట. అమ్మ చెప్పిన ఖాళీ ఇసుర్రాయి నా కళ్ళ ముందే ఉన్నట్టనిపించింది.

గార్డ్ గాజులా పారదర్శకంగా, గట్టిగా ఉంది. పెట్టగానే పళ్ళన్నీ ఎవరో బిగించి పట్టుకున్నట్టు. నీలం రంగు కాగితం పెట్టి టకటక కొరకమన్నారు, పక్కలకు జరపమన్నారు. ఎక్కడ చుక్కలు ముదురుగా పడితే అక్కడ మిషన్‌తో కొంచెం చెక్కి, మళ్ళీ కాగితం. నలభై నిమిషాలు ఇదే. కొరికినప్పుడు అన్నివైపులా ఒకేలా తగలాలి, అదే ముఖ్యమట. అలసిపోయి, ఇంటికెళ్ళి వంట చేయాలన్న తొందరలో, కుడివైపు కొంచెం ముందుగా తగులుతున్నట్టు అనిపించినా "బాగానే ఉంది మేడమ్" అనేశాను.

మొదటి రాత్రి నోటి నిండా నీళ్ళు ఊరాయి. దిండు తడిసింది. పొద్దున లేచేసరికి గార్డ్ నేల మీద ఉంది, నిద్రలో ఎప్పుడు తీసేశానో తెలియదు. రెండో రాత్రి మూడింటిదాకా ఉంచాను. తీశాక పళ్ళు వేరేవాళ్ళవిలా, ఒకదానికొకటి సరిగ్గా కలవనట్టు పావుగంట అనిపించింది. భయపడి ఫోన్ చేస్తే అది మామూలేనని, గంటల తరబడి అలాగే ఉంటే మాత్రం వచ్చి చూపించాలని చెప్పారు. మూడో రోజు నుంచి నీళ్ళు తగ్గాయి. కానీ కుడి దవడ నొప్పి తగ్గలేదు. కొత్త కదా, అలవాటు కావాలేమో అనుకుని ఓర్చుకున్నాను. దీపావళి 20న అలాగే గడిచింది, నోరు తెరిచి ఒక లడ్డూ కొరకలేకపోయాను. డబ్బులు పోసి చేయించుకున్నది కూడా నాకు పనిచేయదేమోనని ఆ రాత్రి చాలా దిగులుపడ్డాను.

22న వెళ్ళాను. నీలం కాగితం పెడితే కుడివైపు వెనక ఒక్కటే చుక్క, నల్లగా. ఎడమవైపు దాదాపు ఏమీ లేదు. అంటే ఆరు రాత్రులుగా నా బలమంతా ఆ ఒక్క చోట, అదీ కొత్త క్యాప్ మీద పడుతోంది. డాక్టరు కోప్పడలేదు కానీ "ఇది చెప్పుల్లా కాదండీ, వేసుకుంటుంటే సాగి సరిపోదు. తేడా ఉంటే రెండో రోజే రావాలి" అన్నారు. పదిహేను నిమిషాలు చెక్కారు, డబ్బు తీసుకోలేదు. మరుసటి పొద్దున లేచి అలవాటుగా దవడ మీద చెయ్యి వేసుకున్నాను. నొప్పి లేదు. మే నుంచి మొదటిసారి. వంటింట్లోకి వెళ్ళి మా ఆయన్ను పిలిచి మరీ చెప్పాను. ఎవరైనా గార్డ్ చేయించుకుంటే నేను చెప్పేది ఇదే: కుర్చీలో ఉన్నప్పుడు వెంట్రుకంత తేడా అనిపించినా చెప్పండి, వెనక జనం ఎదురుచూస్తున్నా సరే. నవంబర్ 5న మళ్ళీ రమ్మన్నారు, ఇంకొంచెం సరిచేశారు. అప్పటి నుంచి అది నోట్లో ఉన్నట్టే తెలియదు.

కొరుకుడు ఆగిపోయిందా? లేదు. ఇది ముందే తెలిస్తే నిరాశ ఉండదు. గార్డ్ కొరుకుడును మాన్పించదు, పన్ను తినాల్సిన దెబ్బ అది తింటుంది. మా ఆయన చెప్పేదాని ప్రకారం గరగర మాత్రం పోయింది, అప్పుడప్పుడు గిన్నె మీద గోరు గీసినట్టు చిన్న చప్పుడు.

గార్డ్ మీద గీతలు పడతాయి. రోజూ కడిగి ట్యూబ్‌లైటు కింద పెట్టి చూడడం నాకు అలవాటైంది. నవంబర్ 8 నుంచి 11 దాకా కుడివైపు కొత్త గీతలు. తర్వాత నాలుగైదు రోజులు ఏమీ లేవు. మళ్ళీ 17 నుంచి 20. క్యాలెండర్‌లో పెన్సిల్‌తో టిక్కులు పెట్టాను. డిసెంబర్‌లోనూ అంతే, 31న జీఎస్టీ వార్షిక రిటర్ను గడువు ముందు వారమంతా గీతలే. నా పని నన్ను ఒత్తిడి చేస్తోందని నేనెప్పుడూ ఒప్పుకోలేదు. పధ్నాలుగేళ్ళ అలవాటు, నాకేమీ అనిపించదు అని అందరికీ చెప్పేదాన్ని. ఆ క్యాలెండర్ పేజీ చూశాక అలా చెప్పలేకపోతున్నాను. మా సార్‌కి కూడా చూపించాను. 18 నుంచి 20 దాకా రాత్రి ఎనిమిది తర్వాత క్లయింట్ల ఫోన్లు నాకు రాకుండా వేరే అబ్బాయికి మార్చారు. అడిగితే ఇస్తారని ఇన్నేళ్ళు నాకు తోచలేదు.

పగలు కూడా కొరుకుతున్నానని డాక్టరు చెప్తే నమ్మలేదు. ఒక చిన్న పని చెప్పారు: సిస్టం మీద ఏదైనా గుర్తు పెట్టుకోండి, అది కంటపడ్డప్పుడల్లా పళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోండి. పెదాలు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక "న" అనేటప్పుడు ఆనే చోట ఉండాలి. మానిటర్ మూల ఎర్ర స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించాను. మొదటి రోజు చూసిన ప్రతిసారీ పళ్ళు బిగపట్టే ఉన్నాను. జీఎస్టీ సైటు తెరుచుకోకుండా తిరుగుతూ ఉన్నప్పుడు మరీ గట్టిగా. ఇప్పుడు సగంసార్లు విడిగానే ఉంటున్నాయి. సాయంత్రం ఐదు తర్వాత టీ మానేశాను. ఇది మాత్రం చాలా కష్టమైంది.

శుభ్రం చేయడం గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. పేస్టుతో రుద్దకూడదు, గరుకుదనానికి గీతలు పడి మసకబారుతుంది. మెత్తటి బ్రష్, చల్లటి నీళ్ళు, ఒక చుక్క గిన్నెల సబ్బు. వేడినీళ్ళు అస్సలు వద్దు, ఆకారం మారుతుంది. అమ్మ ప్రేమగా మరిగే నీళ్ళలో వేయబోతుంటే పరుగెత్తి పట్టుకున్నాను. మాది బోరు నీళ్ళు, కడిగి ఆరబెడితే తెల్లపొర కట్టేది. ఇప్పుడు చివర్న ఫిల్టర్ నీళ్ళతో ఒకసారి కడుగుతాను. వారానికోసారి కట్టుడు పళ్ళకు వాడే బిళ్ళ నీళ్ళలో వేసి నానబెడతాను. తుడిచి, గాలి రంధ్రాలున్న డబ్బాలో పెడతాను.

మొత్తం ఖర్చు 18,849. ఈఎన్‌టీ నుంచి గార్డ్ దాకా అన్నీ కలిపి, ఆ మొదటి క్లినిక్ 400తో సహా. మా హెల్త్ పాలసీ ఒక్క రూపాయి ఇవ్వలేదు, పంటి వైద్యం ప్రమాదం జరిగితేనే వర్తిస్తుందన్నారు. మే నెలలోనే వెళ్ళి ఉంటే క్యాప్ 9,000 మిగిలేదని లెక్క వేసుకున్నప్పుడు మనసు చివుక్కుమంటుంది.

సంక్రాంతికి సూర్యాపేట వెళ్ళాం. డబ్బా హైదరాబాద్‌లోనే మర్చిపోయాను. మొదటి రోజు పొద్దున గార్డ్ తీసి టిష్యూలో చుట్టి కిటికీ మీద పెట్టి, ముగ్గు వేయడానికి వాకిట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి కిటికీ శుభ్రంగా ఉంది. అమ్మ చెత్త కాగితం అనుకుని ఊడ్చేసింది. ఇద్దరం కలిసి బుట్టంతా కింద గుమ్మరించి, చెరుకు పిప్పి, ఉల్లిపొట్టు కిందనుంచి తీశాం. విరగలేదు. అమ్మ చేతులు వణికాయి, "ఏడున్నర వేలు బిడ్డా" అంటూ దాన్ని నాలుగుసార్లు కడిగింది, చల్లటి నీళ్ళతోనే. ఇప్పుడు ఇంకో డబ్బా కొని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. ఏప్రిల్‌లో ఆరు నెలల చెకప్, గార్డ్ కూడా తీసుకురమ్మన్నారు. ఆ క్యాలెండర్ పేజీలు కూడా తీసుకెళ్తాను.